వీట్యూబర్‌గా తొలి మూడు నెలలు: చూసేవాళ్లను నిలుపుకోవడం, మొదటి డబ్బు అందుకోవడం

వీట్యూబర్ అంటే తన ముఖానికి బదులు, తన కదలికలను బట్టి కదిలే బొమ్మను తెర మీద చూపించే స్ట్రీమర్. అలా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది దాచుకున్న డబ్బంతా మోడల్ మీద, అంటే ఆ బొమ్మ మీద పెట్టి, మిగిలిన దాంతో మైకు కొంటారు. ఈ వరుస తిరగబడాలి. మోడల్ అందంగా ఉంటే స్క్రోల్ చేస్తున్న వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ మనిషి గంటసేపు కూర్చోవాలంటే మాత్రం వినడానికి హాయిగా ఉండే గొంతు, ఆగిపోని మాట కావాలి. ఈ రంగం నడిచొచ్చిన దారి కూడా అదే. 2016 చివర్లో కిజునా ఐ అనే జపాన్ వీట్యూబర్ వచ్చినప్పుడు వీట్యూబర్ అంటే 3డీ బొమ్మతో తీసి, ఎడిట్ చేసి పెట్టే చిన్న వీడియో. 2018లో నిజిసాంజీ అనే జపాన్ బృందం లైవ్2డీ (గీసిన చిత్రాన్నే కదిలించే పద్ధతి) బొమ్మలతో గంటల తరబడి లైవ్ చేయడం మొదలుపెట్టాక ఈ పని కబుర్లుగా మారిపోయింది. ఇవాళ మీరు ప్రేక్షకుడికి ఇచ్చేది ఆ కబుర్లే. బడ్జెట్, సమయం, ప్రచారం అన్నీ వాటి చుట్టూ అమర్చుకోవాలి.

డెబ్యూ స్ట్రీమ్, అంటే మొట్టమొదటి లైవ్ గురించి కూడా ముందే ఒక మాట. ఆ రోజు వచ్చే గుంపులో సగానికి పైగా తోటి స్ట్రీమర్లు, కొత్తవాళ్లను పలకరించడానికి వచ్చినవాళ్లు. వాళ్లు మళ్లీ మళ్లీ రారు, రావాల్సిన అవసరం కూడా లేదు. మీ అసలు లెక్క డెబ్యూకి నెలన్నర ముందు మొదలై, తర్వాత మూడు నెలలకు తేలుతుంది.

పేరు, ఖాతాలు, గోప్యత

పేరు ఖాయం చేసేముందు యూట్యూబ్, ట్విచ్ (లైవ్ స్ట్రీమింగ్ సైటు), ఎక్స్, డిస్కార్డ్ (చాట్ గుంపుల యాప్) నాలుగింట్లోనూ వెతకండి. నాలుగుచోట్లా ఒకే హ్యాండిల్ దొరకాలి. ఒకసారి వింటే స్పెల్లింగ్ రాసేయగలిగే పేరు మంచిది. వినడానికి బాగుండి టైప్ చేయడానికి కష్టమైన పేరు వెతుకులాటలోనే ప్రేక్షకులను పోగొడుతుంది. 

ఖాతాలన్నీ కొత్త ఈమెయిల్‌తో తెరవండి, దానికి రెండంచెల భద్రత పెట్టండి. సొంత మెయిల్‌తో తెరిస్తే కామెంట్‌లోనో, పంచుకున్న డాక్యుమెంట్‌లోనో అసలు పేరు బయటపడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. స్ట్రీమింగ్ కోసం కంప్యూటర్‌లో వేరే యూజర్ ఖాతా, వేరే బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకోండి. అడ్రస్ బార్‌లో రెండక్షరాలు కొట్టగానే ఊరి పేరో బ్యాంకు పేరో తన్నుకొచ్చేది పాత ప్రొఫైల్‌లోంచే. 

యూట్యూబ్‌లో లైవ్ మొదటిసారి ఆన్ చేయడానికి ఫోన్ నంబరు ధ్రువీకరణ కావాలి, ఆ తర్వాత 24 గంటల వరకు ఆగాల్సి రావచ్చు. డెబ్యూ రోజు పొద్దున ఈ సంగతి తెలిసి బెంబేలెత్తేవాళ్లున్నారు. ఖాతా తెరిచిన రోజే ఆ పని ముగించండి.

మోడల్: ఎంత ఖర్చు, ఏం అడగాలి

మూడు స్థాయిలున్నాయి. మొదటిది పీఎన్‌జీట్యూబర్: నోరు మూసిన బొమ్మ, తెరిచిన బొమ్మ, కళ్లార్పే బొమ్మలు రెండు, మొత్తం నాలుగు చిత్రాలు. వీడోట్యూబ్ మినీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మైకు శబ్దాన్ని బట్టి వాటిని మారుస్తుంది, కెమెరా అక్కర్లేదు. రెండోది వీరాయిడ్ స్టూడియోలో మీరే చేసుకునే 3డీ మోడల్. ఇదీ ఉచితమే. దాన్ని వీఆర్‌ఎమ్ ఫైల్‌గా తీసి వీసీఫేస్‌లోనో వారుడోలోనో కదిలించవచ్చు. మూడోది లైవ్2డీ. గీసే ఆర్టిస్టు, కదలికలు అమర్చే రిగ్గర్ ఇద్దరూ కలిస్తేనే ఇది తయారవుతుంది, ఖర్చు కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల డాలర్ల దాకా పోతుంది. రిగ్గింగ్ ఖర్చు చాలాసార్లు బొమ్మ ఖర్చుతో సమానం, ఒక్కోసారి ఎక్కువ.

చేతిలో డబ్బు తక్కువుంటే పీఎన్‌జీతో మొదలుపెట్టండి, సందేహించకండి. మూడు నెలలు వారానికి మూడుసార్లు మాట్లాడగలరో లేదో తేలాక లైవ్2డీ చేయించుకుంటే, ఆ కొత్త మోడల్ ఆవిష్కరణే రెండో డెబ్యూలా పనికొస్తుంది. 

లైవ్2డీ చేయించుకునేటట్లయితే తప్పులు ఎక్కువగా జరిగేది ఆర్టిస్టుకూ రిగ్గర్‌కూ మధ్య. మామూలు చిత్రాన్ని ఒకే పొర మీద గీసి ఇస్తే రిగ్గర్ ఏమీ చేయలేడు. జుట్టు వెనక దాగిన నుదురు, కనురెప్ప కింద కంటిగుడ్డు, నోటి లోపల పళ్లు, నాలుక, మెడ వెనక కాలర్ అన్నీ విడివిడి పొరలుగా గీయాలి. అందుకే ముందు రిగ్గర్‌ను మాట్లాడుకుని, పొరలు ఎలా కావాలో అతని జాబితా తీసుకుని, అప్పుడు ఆర్టిస్టుకు పని ఇవ్వండి. స్ట్రీమ్‌లో కనిపించేది ఛాతీ పైభాగమే కాబట్టి మొదటి మోడల్‌కు నడుము దాకా చాలు. మిగిలే డబ్బు నోటి ఆకారాలకు, కళ్లకు పెట్టించండి. చూసేవాళ్ల చూపు అక్కడే ఉంటుంది. టెక్స్‌చర్ (బొమ్మ భాగాలన్నీ ఉండే చిత్రం) 4096 × 4096 పిక్సెళ్లు సరిపోతుంది. 8192 అడిగితే గేమ్ నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు మీద భారం పడుతుంది.

ఒప్పందంలో ఇవి రాతపూర్వకంగా ఉండాలి: డబ్బు సంపాదించే స్ట్రీమ్‌లో వాడే హక్కు, టీషర్టులు, స్టిక్కర్ల మీద ముద్రించి అమ్మే హక్కు, తర్వాత వేరే రిగ్గర్‌తో మార్పులు చేయించే హక్కు, ఎడిటింగ్ ఫైల్ ఇస్తారా లేక నడిచే మోడల్ ఫైళ్లు మాత్రమే ఇస్తారా, ఎన్నిసార్లు సవరణ ఉచితం. డబ్బు దశలవారీగా ఇవ్వండి: గీతల స్కెచ్‌కు కొంత, రంగులయ్యాక కొంత, ఫైళ్లు చేతికొచ్చాక మిగతాది. ఆరు నెలల తర్వాత మొదటి కీచైన్ అమ్మాలనుకున్నప్పుడు ఈ కాగితం విలువ తెలుస్తుంది. 

కదలిక, గొంతు, తెర

లైవ్2డీ మోడల్‌ను మీ ముఖంతో కదిలించడానికి ఎక్కువమంది వాడే యాప్ వీట్యూబ్ స్టూడియో. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్‌తో ముఖం ట్రాక్ చేస్తే బుగ్గలు, పెదవుల కదలిక వెబ్‌క్యామ్ కంటే చాలా బాగా పట్టుబడుతుంది. ఆ యాప్ ఉచిత రకం కొద్ది నిమిషాలకే ఆగిపోతుంది కాబట్టి ప్రో రకం కొనాలి.

వెబ్‌క్యామే వాడితే సగం సమస్యలు వెలుతురువి. గది చీకటిగా ఉంటే కెమెరా తనంతట తాను ఎక్స్‌పోజర్ సమయం పెంచుకుంటుంది. దాంతో సెకనుకు 30 ఫ్రేములు రావాల్సింది 15కి పడిపోయి మోడల్ కుదుపులతో కదులుతుంది. కెమెరా సెట్టింగుల్లో ఆటో ఎక్స్‌పోజర్, తక్కువ వెలుతురు సవరణ రెండూ ఆపి, మానిటర్ వెనక ముఖానికెదురుగా ఒక దీపం పెట్టండి. కిటికీ వీపు వెనక ఉండకూడదు. మోడల్ ఎప్పుడూ నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తే కెమెరా కళ్ల ఎత్తుకు రాలేదని అర్థం. మీరు కిందికి చూస్తుంటే రెప్పలు సగం మూసినట్టు లెక్కేస్తుంది. నోరు పూర్తిగా తెరుచుకోకపోతే వీట్యూబ్ స్టూడియోలో నోరు తెరిచే పారామీటర్ ఇన్‌పుట్ గరిష్ఠ విలువను 1 నుంచి 0.6 దగ్గరికి తగ్గించండి. అప్పుడు మామూలు మాటకే మోడల్ నోరు నిండుగా ఆడుతుంది. కూర్చున్న తీరు మారిన ప్రతిసారీ కాలిబ్రేట్ చేయండి.

గొంతు విషయంలో ఖరీదు కన్నా దూరం ముఖ్యం. డైనమిక్ మైకు నోటికి 8 నుంచి 12 సెంటీమీటర్లలో, కాస్త పక్కగా ఉంచండి. స్ట్రీమ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో మైకు ఫిల్టర్లు ఈ వరుసలో వేయండి: మొదట నాయిస్ సప్రెషన్, తర్వాత కంప్రెసర్ నిష్పత్తి 3:1, త్రెషోల్డ్ మైనస్ 18 డెసిబెల్స్, చివర లిమిటర్ మైనస్ 3 దగ్గర. మామూలుగా మాట్లాడేటప్పుడు మీటర్ మైనస్ 10 దగ్గర ఆడాలి. గేమ్ శబ్దం గొంతు కంటే 15 డెసిబెల్స్ అయినా తక్కువుండాలి. మీ చెవికి గేమ్ చిన్నగా వినిపిస్తున్నట్టు ఉంటేనే ఫోన్‌లో వినేవాళ్లకు సరిగ్గా ఉంటుంది. మోడల్ నోరు మాట కంటే వెనకబడుతుంటే అది ట్రాకింగ్ ఆలస్యం. ఆడియో అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మైకు సింక్ ఆఫ్‌సెట్‌ను 50 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య మార్చి, చప్పట్లు కొట్టకుండా ప, బ, మ అక్షరాలు పలుకుతూ రికార్డు చేసి సరిచూడండి. పెదవులు మూసుకునే అక్షరాల దగ్గరే తేడా బయటపడుతుంది.

మోడల్‌ను ఓబీఎస్‌లోకి గేమ్ క్యాప్చర్‌తో తెచ్చి, పారదర్శకతను అనుమతించే గడి టిక్ చేస్తే వెనక రంగు మాయమవుతుంది. గేమ్ నడవగానే మోడల్ నత్తనడక పడితే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే, గేమ్ గ్రాఫిక్స్ కార్డును నూటికి నూరు శాతం లాగేసుకోవడం. గేమ్‌ను 60 ఫ్రేములకు కట్టేయండి, విండోస్‌లో ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి.

ట్విచ్‌లో వీడియోకు బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 6000 కేబీపీఎస్, కీఫ్రేమ్ 2 సెకన్లు అనేది అందరూ వాడే కొలత. కొత్త ఛానెల్‌కు 720పీ, 60 ఫ్రేములు, 4500 మేలు. పార్ట్‌నర్ (ట్విచ్‌లో పై హోదా) కాని ఛానెళ్లకు తక్కువ నాణ్యత ఎంపికలు ప్రతిసారీ దొరుకుతాయన్న హామీ లేదు. అంటే మీరు పంపిన బిట్‌రేటే ఫోన్ డేటాతో చూసేవాళ్లకూ పోతుంది, వాళ్లకు ఆగి ఆగి వస్తుంది, వెళ్లిపోతారు. యూట్యూబ్ అందరికీ రకరకాల నాణ్యతల్లో మార్చి ఇస్తుంది కాబట్టి అక్కడ 1080పీ పంపవచ్చు. రెంటిలోనూ మీ అప్‌లోడ్ వేగం బిట్‌రేట్‌కు రెట్టింపు ఉంటే నిశ్చింత.

ఇక ముఖం బయటపడకుండా ఒక కఠిన నియమం పెట్టుకోండి: ఓబీఎస్ సీన్లలో వెబ్‌క్యామ్ సోర్స్ అనేదే ఉండకూడదు. దాచిపెట్టి ఉంచడం కూడా వద్దు, పొరపాటున ఒక్క హాట్‌కీ చాలు. మొత్తం డెస్క్‌టాప్‌ను చూపే డిస్‌ప్లే క్యాప్చర్ మానేసి ఒక్కో విండోను మాత్రమే చూపండి. విండోస్ నోటిఫికేషన్లు, ఫోన్ లింక్, స్టీమ్ పాపప్‌లు ఆపేయండి. ఖాళీ బొమ్మతో, మైకు మూగగా ఉండే ఒక అత్యవసర సీన్ చేసి దానికి సులువైన హాట్‌కీ పెట్టండి. తలుపు తట్టినా, ఎవరైనా మీ అసలు పేరుతో పిలిచినా వేలు దాని మీదే పడాలి.

డెబ్యూకి ముందు ఆరు వారాలు

ఈ ఆరు వారాల్లో పని రెండు రకాలు. ఒకటి, మీలాంటి చిన్న స్ట్రీమర్ల చాట్‌లలో రోజూ కనిపించే మనిషి కావడం. మీ ఛానెల్ గురించి ఒక్కమాట అనకుండా, వాళ్ల స్ట్రీమ్‌ను నిజంగా చూసి మాట్లాడండి. పది మంది స్ట్రీమర్లకు మీ పేరు తెలిస్తే డెబ్యూకి వాళ్లు రావడమే కాదు, ఆ వారంలో తమ స్ట్రీమ్ ముగించి మీవైపు రెయిడ్ పంపుతారు, అంటే తమ ప్రేక్షకులను మీ లైవ్‌కు మళ్లిస్తారు. ఇంకొకరి చాట్‌లో లింకు పెట్టి పోయేవాళ్లను ఎవరూ గుర్తుంచుకోరు, లేదా గుర్తుంచుకుని బ్లాక్ చేస్తారు.

రెండోది నిలువు వీడియోలు, 1080 × 1920లో ఆరు నుంచి ఎనిమిది. స్ట్రీమ్ మొదలవక ముందు క్లిప్‌లు ఎక్కడివంటే, అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్లకే కనిపించే) లైవ్‌లుగా రెండు మూడు ప్రాక్టీసు స్ట్రీమ్‌లు చేసి వాటిలోంచి తీయండి. దీంతో సెట్టింగుల పరీక్షా అయిపోతుంది. ట్విచ్‌లో అన్‌లిస్టెడ్ సదుపాయం లేదు. అక్కడ ఓబీఎస్‌లోని బ్యాండ్‌విడ్త్ పరీక్ష మోడ్‌తో ఎవరికీ కనిపించకుండా పంపి చూడవచ్చు.

ఒక పరిచయ చిత్రం తయారుచేసి ఎక్స్‌లో పిన్ చేయండి: మోడల్ ముందు, వెనక, రంగుల నమూనా, స్ట్రీమ్ హ్యాష్‌ట్యాగ్, ఫ్యాన్ ఆర్ట్ హ్యాష్‌ట్యాగ్, మీ గుర్తుగా ఒక ఎమోజీ, డెబ్యూ తేదీ, సమయం. సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) కూడా రాయండి. హ్యాష్‌ట్యాగ్ ఎంచుకునేముందు అది ఇంకెవరిదో కాదని వెతికి చూడండి.

డెబ్యూ 45 నుంచి 60 నిమిషాలు ఉంటే చాలు. వెయిటింగ్ తెర 5 నిమిషాలు దాటకూడదు. పావుగంట సంగీతం వినిపిస్తే వచ్చినవాళ్లలో చాలామంది మోడల్ కనిపించేలోపే వెళ్లిపోతారు. పాత్ర పుట్టుపూర్వోత్తరాలు రెండు నిమిషాల్లో చెప్పేయండి. స్లైడ్‌లు చదువుతూ అరగంట గడిపే డెబ్యూలు చాలా ఉన్నాయి, అందులో చాట్‌కు పని ఉండదు. స్లైడ్‌లు పదికి మించకుండా, ప్రతి రెండింటికీ ఒకసారి చాట్‌ను ఏదో ఒకటి అడగండి: అభిమానుల బృందానికి పేరు వాళ్లే ఎంచుకోవాలి, మోడల్‌కు టోపీ ఉండాలా వద్దా వాళ్లే తేల్చాలి. ముగింపులో ఒక సంగతి మాత్రం మరిచిపోకూడదు, రెండో స్ట్రీమ్ ఎప్పుడో, ఏం చేస్తారో చెప్పాలి. అది 48 గంటల్లోపు ఉండాలి. వారం ఆగితే డెబ్యూ వేడి పూర్తిగా చల్లారిపోతుంది. చివర్లో ఇంకో చిన్న స్ట్రీమర్‌కు రెయిడ్ పంపండి.

తర్వాతి పన్నెండు వారాలు

వారానికి మూడు రోజులు, రోజుకు రెండున్నర గంటలు, అవే రోజులు, అదే సమయం. దీనికంటే ఎక్కువ చేయాలనిపిస్తుంది. ఆ ఉత్సాహాన్ని క్లిప్‌లు కట్ చేయడానికి మళ్లించండి. రోజూ ఆరేసి గంటలు చేసేవాళ్లలో గొంతు పోయి, రెండో నెలలో కనిపించకుండా పోయేవాళ్లే ఎక్కువ.

ట్విచ్ డైరెక్టరీలో మామూలుగా ఛానెళ్లు చూసేవాళ్ల సంఖ్యను బట్టి పైనుంచి కిందికి ఉంటాయి. బాగా పేరున్న గేమ్ ఆడితే ఐదుగురు చూసే మీ ఛానెల్ వందల ఛానెళ్ల కింద ఉంటుంది, అంత కిందికి ఎవరూ రారు. స్ట్రీమ్ మొదలుపెట్టేముందు ఆ గేమ్ పేజీ తెరిచి, పది మంది చూసే ఛానెల్ ఎన్నో స్థానంలో ఉందో చూడండి. మొదటి రెండు మూడు వరుసల్లో ఉంటే ఆ గేమ్ పనికొస్తుంది. యూట్యూబ్‌లో లెక్క వేరు, అక్కడ ముగిసిన స్ట్రీమ్ కూడా తర్వాత వెతుకులాటలో కనిపిస్తుంది. అందుకే శీర్షికలో గేమ్ పేరు, ఇవాళ జరిగే సంగతి ముందు రాయండి, ఎపిసోడ్ నంబరు చివర్లో. గేమ్ కంపెనీ నిబంధనలు కూడా చదవాలి. నింటెండో 2018లో వ్యక్తులు తమ వ్యాఖ్యానం జోడించి ఆట వీడియోలతో సంపాదించుకోవచ్చని మార్గదర్శకాలు ప్రకటించింది, కానీ వ్యాఖ్యానం లేని ఉత్త ఆట వీడియోలకు ఆ అనుమతి వర్తించదు. కథాప్రధాన గేమ్‌లు కొన్నిటిలో ఫలానా అధ్యాయం దాటి చూపకూడదనే షరతులుంటాయి.

చూసేవాళ్ల సంఖ్య కనిపించే గడిని దాచేయండి. అది మూడు నుంచి రెండుకు పడగానే గొంతులో తెలిసిపోతుంది. చాట్‌లో ఎవరూ లేకపోయినా మనసులో నడుస్తున్నది పైకి చెబుతూనే ఉండాలి: ఈ తలుపు ఎందుకు తెరుస్తున్నారు, నిన్న చదివిన విషయంలో ఏది నచ్చలేదు. కొత్తగా వచ్చిన మనిషి మొదటి అరనిమిషంలో ఏమీ వినిపించకపోతే ఉండడు. పది పదిహేను నిమిషాలకొకసారి ఇప్పటిదాకా ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పండి. చాట్‌లో రాసినవాళ్లను పేరుపెట్టి పలకరించండి. రాయకుండా చూస్తున్నవాళ్లను మాత్రం పేరుపెట్టి పిలవకండి. మౌనంగా చూడడానికి వచ్చినవాళ్లు అలా పిలిస్తే ఇబ్బందిపడి వెళ్లిపోతారు, వాళ్లలో ఒకరే మూడు నెలల తర్వాత నెలనెలా డబ్బిచ్చే మీ మొదటి మెంబర్ కావచ్చు.

క్లిప్‌ల కోసం ఓబీఎస్‌లో రీప్లే బఫర్‌ను (ఇప్పుడే గడిచిన భాగాన్ని దాచే సదుపాయం) 60 సెకన్లకు పెట్టి, నవ్వొచ్చిన వెంటనే హాట్‌కీ నొక్కండి. మొత్తం రికార్డింగ్ తర్వాత వెతుక్కునే ఓపిక ఎవరికీ మిగలదు. నిలువు ఫ్రేమ్‌లో మోడల్ ముఖం పెద్దగా పై సగంలో, గేమ్ కింది సగంలో. మాట మధ్యలోంచి మొదలవ్వాలి, నమస్కారాలు, పరిచయాలు అక్కర్లేదు. 25 నుంచి 40 సెకన్లు, పెద్ద అక్షరాల సబ్‌టైటిళ్లు. యూట్యూబ్ షార్ట్స్ 2024 అక్టోబర్ నుంచి 3 నిమిషాల దాకా అనుమతిస్తున్నా నిడివి పెంచాల్సిన పని లేదు. ప్రతి షార్ట్‌కు సంబంధిత వీడియోగా ఆ స్ట్రీమ్ లింకు జోడించండి. షార్ట్స్‌తో వచ్చిన సబ్‌స్క్రైబర్లు లైవ్‌కు వస్తారని మాత్రం లెక్కేసుకోవద్దు, వాళ్లలో కొద్దిమందే వస్తారు. ఆ కొద్దిమంది కోసమే ఈ పని.

కొలవాల్సిన అంకె ఒక్కటే: మూడోసారి తిరిగి వచ్చి చాట్‌లో రాసినవాళ్లు ఎంతమంది. పేర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. పన్నెండు వారాలకు అలాంటివాళ్లు పదిహేను మంది ఉంటే ఛానెల్ ఆరోగ్యంగా ఉన్నట్టే, సబ్‌స్క్రైబర్ సంఖ్య ఎంత చిన్నదైనా సరే. ఆ పదిహేను మందిలో నిలకడగా ఉన్న ఒకరిద్దరిని మోడరేటర్లుగా పెట్టుకోండి. మీ ఊరు, వయసు, అసలు పేరు వంటి పదాలను ముందే బ్లాక్ జాబితాలో చేర్చండి. వ్యక్తిగత సందేశాలకు జవాబు ఇవ్వనని మొదటి వారంలోనే చెప్పండి. ఆరు నెలలు ఇచ్చి ఆపేస్తే అది తిరస్కారంలా తగులుతుంది.

డబ్బు వచ్చే దారులు, వచ్చే వరుసలో

యూట్యూబ్‌లో సంపాదించడానికి చేరాల్సిన పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌కు రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టుకు 500 మంది సబ్‌స్క్రైబర్లు, గత 90 రోజుల్లో 3 పబ్లిక్ అప్‌లోడ్‌లు, వీటితోపాటు ఏడాదిలో 3,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వీక్షణలు ఉండాలి. అది దాటితే సూపర్ చాట్ (డబ్బు కట్టి చాట్‌లో పెట్టే సందేశం), మెంబర్‌షిప్ తెరుచుకుంటాయి. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది, 4,000 గంటలు లేదా కోటి షార్ట్స్ వీక్షణలు కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ గంటల్లో కలవదు.

గంటల లెక్క ఇలా చూడండి. సగటున 8 మంది, వారానికి మూడుసార్లు రెండున్నర గంటలు చూస్తే వారానికి 60 గంటలు, 3,000 చేరడానికి 50 వారాలు. సగటు 20కి చేరితే వారానికి 150, అంటే 20 వారాలు. ముగిసిన స్ట్రీమ్‌లను ప్రైవేట్ చేసినా తొలగించినా ఆ గంటలు లెక్కలోంచి పోతాయి. సిగ్గుపడి పాత స్ట్రీమ్‌లు దాచేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి. కాపీరైట్ చిక్కు లేకపోతే వాటిని పబ్లిక్‌గానే ఉంచండి.

ట్విచ్ అఫిలియేట్ (సంపాదనకు మొదటి హోదా) కావడానికి రోజులు, గంటలు, ఫాలోవర్ల షరతులు ఎవరైనా దాటుతారు. చిక్కుకుపోయేది సగటున 3 మంది చూడాలన్న దగ్గర. మనుషులు రాని వేళల్లో ఎక్కువసేపు స్ట్రీమ్ చేస్తే ఆ సగటు కిందికి దిగుతుంది, అందుకే నిడివి తగ్గించి వేళ సరిచేసుకోవడం మేలు. ట్విచ్‌లో ప్రేక్షకులు నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్‌లో మామూలుగా సగం మీకు వస్తుంది, వాళ్లు కొని చాట్‌లో ఇచ్చే ఒక్కో బిట్‌కు ఒక సెంటు. యూట్యూబ్‌లో సూపర్ చాట్, మెంబర్‌షిప్‌ల నుంచి 70 శాతం, మామూలు వీడియోల ప్రకటనల నుంచి 55 శాతం, షార్ట్స్ నుంచి 45 శాతం. 30 మంది నెలకు 5 డాలర్ల చొప్పున మెంబర్లయితే 105 డాలర్లు చేతికొస్తాయి. చిన్న ఛానెల్‌కు ప్రకటనల మీద అంత రావాలంటే ఎన్నో రెట్లు వీక్షణలు కావాలి. అందుకే మొదటి ఏడాది ప్రకటనల మాట పక్కన పెట్టి, ఇష్టపడేవాళ్ల మీద దృష్టి పెట్టమనేది.

ఈ రెండు మెట్ల కంటే ముందే, మొదటి రోజు నుంచీ తెరిచి ఉంచగలిగేది టిప్ పేజీ. అలాంటి పేజీ ఇచ్చే కో-ఫై సైటు టిప్‌ల మీద తన వాటా తీసుకోదు, చెల్లింపు సంస్థ రుసుము మాత్రం పోతుంది. ఇక్కడే వీట్యూబర్లకు పెద్ద ప్రమాదం ఉంది. వ్యక్తిగత పేపాల్ ఖాతా జోడిస్తే డబ్బు పంపినవాళ్ల రసీదులో మీ అసలు పేరు కనిపిస్తుంది. బిజినెస్ ఖాతా తెరిచి స్ట్రీమర్ పేరును వ్యాపార పేరుగా పెట్టండి, ఆ తర్వాత నమ్మకమున్న ఒకరితో ఒక డాలర్ పంపించి వాళ్ల రసీదు మీ కళ్లతో చూడండి. ఆ పని చేయకుండా లింకు బయట పెట్టకండి. బహుమతులు ఇంటి చిరునామాకు తెప్పించుకోవద్దు. అవతలివాళ్లకు చిరునామా కనిపించకుండా పంపే త్రోన్ లాంటి సేవలున్నాయి. కొత్త మనిషి ఒకేసారి పెద్ద మొత్తం పంపితే ఒకటి రెండు నెలలు ఖర్చుపెట్టకుండా ఉంచండి. దొంగిలించిన కార్డుతో పంపినదైతే బ్యాంకు వెనక్కి లాగేసుకుంటుంది, పైగా రుసుము మీ నెత్తిన పడుతుంది.

మెంబర్‌షిప్ మొదలుపెట్టేటప్పుడు నెలకు మీ సమయం రెండు గంటలకు మించి తినే హామీలు ఇవ్వకండి. చేతిరాత కార్డులు, విడివిడి వాయిస్ సందేశాలు పది మందికి బాగుంటాయి, నలభై మందయ్యాక బరువవుతాయి. మంచి ఎమోట్‌లు (చాట్‌లో వాడే మీ చిన్న బొమ్మలు), నెలకొక మెంబర్స్ స్ట్రీమ్ చాలు. ఎమోట్ 28 పిక్సెళ్ల వెడల్పులో కూడా గుర్తుపట్టేలా ఉండాలి, అంటే ముఖం మాత్రమే, మందమైన గీతలు, ఒకే భావం. మొదటి ఆదాయం వస్తే పెట్టాల్సింది కొత్త దుస్తుల మోడల్ మీద కాదు, ఐదారు ఎమోట్‌ల మీద. ప్రతి చాట్‌లో అవి మీ ప్రచారం చేస్తాయి.

సబ్‌స్క్రిప్షన్‌లు వచ్చేకొద్దీ స్ట్రీమ్ సమయం పెరుగుతూ పోయే సబథాన్‌ల జోలికి ఇప్పుడే పోవద్దు. 2024 సెప్టెంబర్‌లో ఐరన్‌మౌస్ అనే వీట్యూబర్ నెలరోజుల సబథాన్‌లో 3,20,000కు పైగా సబ్‌స్క్రిప్షన్‌లతో ట్విచ్ రికార్డు సృష్టించింది, కానీ అప్పటికి ఆమె స్ట్రీమింగ్ మొదలుపెట్టి ఏడేళ్లు. పదిహేను మంది ప్రేక్షకులతో సబథాన్ చేస్తే ఆ పదిహేను మంది జేబులే మళ్లీ మళ్లీ ఖాళీ అవుతాయి, తర్వాతి నెల వాళ్లు కనిపించరు. సరుకుల అమ్మకం కూడా అంతే. ముందుగా ఆర్డర్లు తీసుకుని తర్వాత ముద్రించండి లేదా ముద్రించి పంపే సంస్థ ద్వారా అమ్మండి. వంద కీచైన్లు ముందే కొట్టించి అలమరలో దాచుకోవద్దు. వాల్‌పేపర్లు, వాయిస్ ప్యాక్‌లు లాంటి డిజిటల్ వస్తువులకు నిల్వ బాధ లేదు, వాటితో మొదలుపెట్టండి.

కాగితాల పని. యూట్యూబ్ డబ్బు చెల్లించే గూగుల్ సేవ యాడ్‌సెన్స్, ఆదాయం 10 డాలర్లకు చేరగానే చిరునామా ధ్రువీకరణ పిన్ పోస్టులో పంపుతుంది, 100 డాలర్లు దాటితే చెల్లిస్తుంది. ట్విచ్ 50 డాలర్లకు చెల్లిస్తుంది. ఈ రెంటిలోనూ అసలు పేరు, అసలు చిరునామా ఇవ్వాలి. అవి ప్రేక్షకులకు కనిపించవు. అమెరికా పన్ను ఫారం నింపకుండా వదిలేస్తే గూగుల్ మొత్తం ఆదాయంలో 24 శాతం దాకా పట్టుకోవచ్చు. అమెరికా బయట ఉన్నవాళ్లు డబ్ల్యూ-8బీఈఎన్ ఫారం నింపితే అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన భాగానికే అమెరికా పన్ను పరిమితమవుతుంది.

ఏజెన్సీ పిలిస్తే

కొన్ని నెలలు నిలకడగా చేస్తే వీట్యూబర్లను తమ పేరు కింద నడిపించే చిన్న ఏజెన్సీల నుంచి సందేశాలు వస్తాయి. మొదట చూడాల్సింది శాతం కాదు, మోడల్, పేరు, ఛానెల్ ఎవరివన్నది. పెద్ద ఏజెన్సీల్లో పాత్ర కంపెనీదే. హోలోలైవ్ అనే పెద్ద ఏజెన్సీలో 2020లో వచ్చి 40 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లను సంపాదించిన గావర్ గురా 2025లో వెళ్లిపోయినప్పుడు ఆ పాత్ర, ఛానెల్ కంపెనీ దగ్గరే మిగిలాయి. పెద్ద కంపెనీ దానికి బదులుగా మోడల్, 3డీ స్టూడియో, కచేరీలు, గేమ్ అనుమతులు, న్యాయ సహాయం ఇస్తుంది. మోడల్ కూడా మీరే తెచ్చుకోవాలని, లోగో మాత్రం తగిలించుకుని ఆదాయంలో వాటా ఇవ్వాలని అడిగే ఏజెన్సీ ఏమిస్తోందో ఒక కాగితం మీద రాసి చూడండి. వెళ్లిపోయాక ఎన్ని నెలలు స్ట్రీమ్ చేయకూడదు, వాటా మొత్తం ఆదాయం మీదా ఖర్చులు పోగా మిగిలిన దాని మీదా, మీ టిప్ పేజీ కూడా అందులోకి వస్తుందా, అసలు పేరు ఎవరెవరికి తెలుస్తుంది, ఈ నాలుగింటికీ రాతలో జవాబు రాకపోతే సంతకం చేయకండి. వారం గడువు అడగండి. ఆ గడువు ఇవ్వడానికి ఒప్పుకోని ఏజెన్సీకి అక్కడే వద్దని చెప్పేయండి.